900 కిలోహెర్ట్జ్ వెనుక పనివాళ్లు

ఆకాశవాణి కడప కేంద్రం అనగానే మనకు గొంతులే గుర్తొస్తాయి. ప్రొద్దుటూరు బట్టల అంగట్లోనో, జమ్మలమడుగు టీ బంకు దగ్గరో, పులివెందుల చీనీ తోటలోనో రేడియో విన్న పాతతరం వాళ్లు కూర్చుంటే అనౌన్సర్ల ముచ్చట ఒక పట్టాన తెగదు. ట్రాన్స్‌మీటర్ దగ్గర రాత్రి డ్యూటీ చేసినవాళ్ల ఊసు మాత్రం ఎవరూ ఎత్తరు. 1963లో మొదలైన కేంద్రానికి అరవై ఏళ్లు దాటాయి, కాసేపు వాళ్ల పని చెప్పుకుందాం.

మన కేంద్రం మీడియం వేవ్ ప్రసార పౌనఃపున్యం 900 కిలోహెర్ట్జ్, శక్తి 100 కిలోవాట్లు. సెకనుకు తొమ్మిది లక్షల కంపనాలు పుట్టించేది ఆసిలేటర్. దాని లెక్క తప్పకుండా చూసేది చిన్న క్వార్ట్జ్ బిళ్ల. అంతర్జాతీయ నిబంధన ప్రకారం మీడియం వేవ్ కేంద్రం అటూ ఇటూ 10 హెర్ట్జ్ మించి జరగకూడదు. గడియారం ఇరవై అయిదు గంటలకు ఒక్క సెకను తప్పినంత, అంతే. ఎండాకాలంలో కడప వేడి తెలిసినవాళ్లకు ఇదెంత కష్టమో వేరే చెప్పక్కర్లేదు. వేడి మారితే క్వార్ట్జ్ కంపనమూ కాస్త మారుతుంది. అందుకే దాన్ని ఒకే ఉష్ణోగ్రత ఉండే పెట్టెలో పెడతారు.

ఆసిలేటర్ ఇచ్చే శక్తి ఏ మూలకూ చాలదు. దాన్ని అంచెలంచెలుగా పెంచుతూ పోతే చివర వచ్చేది పవర్ యాంప్లిఫయర్. అసలు కథ అక్కడుంది. వాల్వుల కాలంలో ఈ అంచెను ‘క్లాస్ సి’ పద్ధతిలో నడిపేవారు. కంపనంలో సగం కంటే తక్కువ సేపే వాల్వులో కరెంటు పారుతుంది. మిగిలిన అలను కాయిలు, కెపాసిటరు కలిసిన ట్యాంక్ సర్క్యూట్ పూరిస్తుంది. నూటికి 75 పాళ్లు పనికొచ్చినా, 100 కిలోవాట్లు గాలిలోకి పంపడానికి 33 కిలోవాట్లు వేడిగా పోతాయి. దాన్ని చల్లార్చడమే ఒక ఉద్యోగం! గొంతును పూర్తి మోతాదులో ఎక్కించాలంటే మాడ్యులేటర్ మరో 67 కిలోవాట్ల దాకా అందించాలి. వాల్వు పోతే జిల్లా అంతా మూగబోయేది. వాల్వులు లేని సాలిడ్ స్టేట్ ట్రాన్స్‌మీటర్లలో చిన్న చిన్న మాడ్యూళ్లు భారం పంచుకుంటాయి కాబట్టి ఒకటి పోయినా ప్రసారం ఆగదు.

ఈ పౌనఃపున్యం దగ్గర అల పొడవు 333 మీటర్లు. పగటిపూట అది నేలను అంటిపెట్టుకునే సాగుతుంది, గుట్టలు అడ్డొచ్చినా కొంత వంగి అవతలికి చేరుతుంది. గండికోట వైపు గుట్టల వెనకున్న పల్లెలకు కూడా అందేది అందుకే. ఎఫ్‌ఎం అంత సులువుగా గుట్ట దాటదు.

ఈ విద్య చదివే పిల్లలు మన జిల్లాలోనే ఉన్నారు. పులివెందులలో 2006 నుంచి జేఎన్‌టీయూ ఇంజనీరింగ్ కాలేజీ ఉంది. ప్రొద్దుటూరులో యోగి వేమన విశ్వవిద్యాలయం వారిది ఉంది. అక్కడి ఎలక్ట్రానిక్స్ పిల్లలు ఆసిలేటర్లు, యాంప్లిఫయర్లు ఎక్కువగా కంప్యూటర్ తెర మీదే గీస్తారు. మిల్లీవాట్ల సర్క్యూట్‌కూ కిలోవాట్ల సర్క్యూట్‌కూ తేడా తెర మీద అర్థం కాదు. ఏడాదికొకసారైనా ట్రాన్స్‌మీటర్ హాలు వాళ్లకు చూపించమని కేంద్రం వారికీ, ఆ పూట వెంట ఉండి వివరించమని రిటైరైన ఇంజనీర్లకూ మనవి.