చదరంగం గళ్లలో ఇరవై అంకెలు

చదరంగం కనిపెట్టినవాడు రాజుగారిని గింజలడిగిన కథ తెలియనివారుండరు. మొదటి గడికి ఒకటి, రెండో గడికి రెండు, మూడో గడికి నాలుగు... అలా అరవై నాలుగు గళ్లూ రెట్టిస్తూ పోవాలి. రాజు నవ్వి సరేనన్నాడు. ఆ తర్వాత నవ్వలేదు. మరి మొత్తం ఎంతండీ అంటే మాత్రం చాలామంది "బోలెడు లెండి" అని తప్పించుకుంటారు.

ఆ బోలెడు ఇదీ: 1,84,46,74,40,73,70,95,51,615.

గ్రాముకి నలభై బియ్యపు గింజలనుకుంటే ఇవి 46 వేల కోట్ల టన్నులు. మా బిచ్కుంద వాళ్లకి అర్థమయ్యేలా చెప్పాలంటే, నిజాంసాగర్‌ని నీళ్లకు బదులు బియ్యంతో నింపినా అలాంటివి వెయ్యికి పైగా కావాలి!

ఈ ఇరవై అంకెలనూ ఒక్కటైనా పొల్లుపోకుండా బిగించిన తెలుగు పద్యం ఒకటుంది. పావులూరి మల్లన పేర పెద్దలు చెప్పుకుంటారు. అందులో అంకెలుండవు, మాటలే. మన్మథుడి శరాలు ఐదు, చంద్రుడు ఒక్కడే, వేదాలు నాలుగు, కొండలు ఏడు, ఆకాశమంటే సున్న. ఒకట్ల స్థానంలో శరంతో మొదలై, చిట్టచివరి స్థానంలో చంద్రుడి దగ్గర ఆగుతుంది సంఖ్య. వెనకనుంచి చదువుకోవాలన్నమాట.

ఎందుకింత తంటా? తాటాకు మీద వ్రాసిన అంకెను పురుగు కొట్టినా, వ్రాసేవాడి చెయ్యి జారినా ఇక దిక్కులేదు. పద్యంలో మాట జారితే గణం తప్పి, చదివేవాడి చెవే పట్టేస్తుంది. ఛందస్సు ఆ లెక్కకి తాళం కప్ప.

మల్లన సారసంగ్రహ గణితానికి మూలం మహావీరాచార్యుడి సంస్కృత గ్రంథం. తొమ్మిదో శతాబ్దంలో, రాష్ట్రకూట అమోఘవర్షుడి కాలంలో పుట్టింది. మా మంజీరా తీరం కూడా ఆ రాష్ట్రకూటుల ఏలుబడిలోదే. మహావీరుడు జైనుడు, మల్లన శైవుడు. దేవుళ్లు మారారు గాని లెక్క మారలేదు.

అయితే "అన్నీ మనవాళ్లే చెప్పేశారు" అనేవారితో నాకు పేచీ ఉంది. ఈ సంఖ్యను విడగొడితే 3, 5, 17, 257, 641, 65537, 6700417 వస్తాయి. ఇందులో 641ది వేరే కథ. రెండుని ముప్పై రెండుసార్లు హెచ్చవేసి ఒకటి కలిపితే వచ్చే 4294967297ను ఇక విడగొట్టలేమని ఫ్రెంచివాడు ఫెర్మా నమ్మాడు. 1732లో ఆయిలర్ 641తో దాన్ని నిశ్శేషంగా భాగించి చూపాడు. ఆ సంగతి మన పద్యంలో లేదు. లేనిది అంటగడితే ఉన్నదాన్ని కూడా జనం నమ్మరు సుమండీ!

ఉన్నది చిన్నదా? నేటి కంప్యూటర్లో 64 బిట్లకి పట్టే అతిపెద్ద సంఖ్య కూడా అదే. అనుమానముంటే ఒకటితో మొదలుపెట్టి అరవై నాలుగుసార్లు రెట్టించి, ఒకటి తీసెయ్యండి. పెన్సిలుతో ఓ సాయంత్రం పని. పద్యాన్ని పొగడటం కంటే, దాన్ని సరిచూడటమే మల్లనకి మనం చేసే మర్యాద.