చలికి పలికే డబ్బా

ఫజ్ పెడల్ ఇంట్లనే ఎట్ల చేస్తుంటివి తాతా అని అడిగితిరి గద, మంట కాడికి జరిగి కూసోండ్రి, చెప్త. ఫజ్ పెడల్ అంటె కాలితోని తొక్కితె గిటార్ గొంతును చీల్చి గరగరమనిపించే డబ్బా. మొదలు ఒక్క మాట చెవిల వేసుకోండ్రి. దాంట్ల ఉండేటివి రెండు ట్రాన్సిస్టర్లు, నాలుగు రెసిస్టర్లు, మూడు కెపాసిటర్లు, చేత్తోని తిప్పేటి కంట్రోళ్లు రెండు. అన్ని కలిపి 11. గవే 11 తెచ్చి ఇద్దరు మనుషులు రెండు డబ్బాలు కడితె, రెండిటి గొంతు రెండు తీర్ల ఉంటది. లిస్టు చూసి కొనుడు ఎవలకైనా వస్తది. ఏరుకునుడు రావాలె. ఈ పనిల విద్య అంటే గదే.

ఈ గరగర శబ్దం పుట్టింది మన దగ్గర కాదు. అమెరికాల నాష్‌విల్ అనే ఊరున్నది, పాటల రికార్డింగుకు పేరువడ్డది. ఆడ మార్టీ రాబిన్స్ ‘డోంట్ వర్రీ’ అనే పాట రికార్డు చేస్తున్నరు. గ్రేడీ మార్టిన్ అనే ఆయన ఆరు తీగల బేస్ మీద నడుమ సోలో వాయిస్తున్నడు. గంతల మిక్సింగ్ కన్సోల్‌ల ఒక ట్రాన్స్‌ఫార్మర్ చెడి, బేస్ శబ్దం బరబర చీలిపోయి వచ్చింది. పాడైంది, మళ్ల రికార్డు చేద్దామనుకోలే వాళ్లు. అట్లనే ఉంచిండ్రు. 1961ల ఆ పాట అమెరికా అంతట మోగింది. తర్వాత రికార్డింగ్ ఇంజినీర్ గ్లెన్ స్నాడీ, రెవిస్ హాబ్స్ అనే ఇంకొకాయన కూసోని, ఆ చీలుడునే ట్రాన్సిస్టర్లతోని తయారు చేసిండ్రు. గిబ్సన్ కంపెనీ దాన్ని 1962ల మ్యాస్ట్రో ఫజ్-టోన్ పేరుతోని అమ్మకానికి పెట్టింది. మొదట్ల పెద్దగ ఎవలు అడగలే. 1965ల రోలింగ్ స్టోన్స్ ‘శాటిస్‌ఫాక్షన్’ పాటల కీత్ రిచర్డ్స్ దాన్ని తొక్కి వాయించినంక దుకాణాలల్ల డబ్బాలు మిగల్లే.

అదే ఏడు లండన్‌ల గ్యారీ హర్స్ట్ అనే ఆయన టోన్ బెండర్ చేసిండు. మొదటివి చెక్క పెట్టెలల్లనే కట్టిండు. బీటిల్స్‌ల పాల్ మెకార్ట్‌నీ ‘థింక్ ఫర్ యువర్‌సెల్ఫ్’ పాటల బేస్ గిటార్‌ను ఫజ్‌తోని పలికించింది గూడ 1965లనే. ఆ మరుసటేడు ఆర్బిటర్ కంపెనీ ఫజ్ ఫేస్ తీసింది. మైక్ స్టాండు కింద ఉండే గుండ్రటి దిమ్మెను చూసి దాని డబ్బా చేసిండ్రు. జిమి హెండ్రిక్స్ కాలి కింద ఉండేది గదే. నేను చెప్పిన 11 వస్తువుల సర్క్యూట్ ఆ ఫజ్ ఫేస్‌దే.

ఇగ మన సికింద్రాబాద్ ముచ్చట. లాలాగూడ రైల్వే కాలనీల ఆంగ్లో ఇండియన్ కుటుంబాలు మస్తు ఉండె. వాళ్ల ఇండ్లల్ల గిటార్ లేని ఇల్లు తక్కువ. పండుగ వస్తే డ్యాన్సులు, చర్చిల పాటలు. అటు పెండ్లి ఊరేగింపులల్ల, గణపతి మంటపాలల్ల ఆర్కెస్ట్రాలు. ఆంప్ అంటే అహుజా ఆంపే, మైకుకు అదే, గిటార్‌కు అదే. విదేశాల పెడళ్లు మన దుకాణాలల్ల కండ్ల పడకపోయేటివి. నేను మోండా మార్కెట్ పక్కన ఒక రేడియో రిపేరు దుకాణంల పని నేర్చుకుంటున్న. గిటార్ వాయించేటి పోరగాండ్లు రికార్డు పట్టుకొచ్చి, ‘అన్నా, ఈ గొంతు కావాలె, ఏమన్న చెయ్యి’ అని కూసునేటోళ్లు. ఆబిడ్స్ ఫుట్‌పాత్ మీద ఆదివారం పాత పుస్తకాలు పరుస్తరు గద, ఆడ ఒక ఇంగ్లిష్ ఎలక్ట్రానిక్స్ పత్రికల ఫజ్ బాక్స్ సర్క్యూట్ దొరికింది. అరపేజీ బొమ్మ. మా ఉస్తాద్ దాన్ని చూసి, ‘గిది పావుగంట పని. ట్రాన్సిస్టర్ మంచిది ఏరుడే పెద్ద పని’ అన్నడు. ఆయన మాట ఎంత నిజమో చేతులు కాలినంక తెలిసింది.

అప్పట్ల మాకు దిక్కు ఏసీ 128. జర్మేనియం ట్రాన్సిస్టర్, చిన్న లోహపు టోపీల ఉంటది. బెంగళూరు బీఈఎల్ వాళ్లు 1962ల జర్మేనియం ట్రాన్సిస్టర్లు మొదలుపెట్టిండ్రు, గందుకే మన దగ్గర దొరికేటివి. చిన్న రేడియోలల్ల స్పీకర్‌ను నడిపేటి జంటల ఇదొకటి ఉండేది. రేడియో కింద పడి డబ్బా పగిలినా, కాయిల్ తెగినా, ఈ ట్రాన్సిస్టర్లకు ఏం కాకపోయేది. జుమేరాత్ బజార్ల పాత రేడియో బోర్డులు బేరమాడి తెచ్చి, ఒక్కొక్కటే విప్పుకునేటోళ్లం. విప్పేటప్పుడు కాలును నోస్ ప్లయర్‌తోని పట్టుకోవాలె, వేడి ప్లయర్ గుంజుకుంటది. లేకుంటె సోల్డరింగ్ ఐరన్ వేడికే జర్మేనియం పాణం పోతది.

ఇగ ఏరుడు. ట్రాన్సిస్టర్‌కు ఎమిటర్, బేస్, కలెక్టర్ అని మూడు కాళ్లుంటయి, ఈ బేస్ గిటార్ బేస్ కాదు. 9 వోల్టుల బ్యాటరీ ప్లస్‌ను ఎమిటర్‌కు పెట్టాలె. కలెక్టర్ నుంచి 2.4 కిలో ఓమ్ రెసిస్టర్ ఒకటి మైనస్‌కు. బేస్‌కు ఏం పెట్టొద్దు. రెసిస్టర్ మీద మీటర్ పెడితె సున్నా రావాలె గద? రాదు. జర్మేనియం ఎప్పుడు కొంచెం లీకయితనే ఉంటది. పావు వోల్టు చూపితే దాదాపు 100 మైక్రో ఆంపియర్లు కారుతున్నట్టు. ఆ లెక్క రాసుకొని, 2.2 మెగా ఓమ్ రెసిస్టర్‌ను బేస్‌కు, మైనస్‌కు నడుమ తగిలియ్యాలె. ఇప్పుడు ఎంత పెరిగిందో చూసి, లీకును తీసేస్తె, మిగిలిన ప్రతి ఒక్క వోల్టుకు గెయిన్, అంటె పెంచే బలం, 100. మేం మొదటి దానికి 70, 80 గెయిన్ ఉన్నది, రెండో దానికి 120 చుట్టుపక్కల ఉన్నది వెదికేటోళ్లం. పిడికెడు ట్రాన్సిస్టర్లల్ల పనికొచ్చే జంట ఒకటో రెండో దొరికేటివి. పట్టుకున్న వేలి వేడికే ముల్లు పైకి లేస్తది, గందుకని చేయి తీసేసి కొంచెంసేపు ఆగి చదవాలె. ఆ ఆగుడు నేర్చుకున్నోడే పెడల్ చేయగలుగుతడు.

అసలు లోపల ఏమయితదంటె, తీగ మీటితే గిటార్ నుంచి వచ్చే అల చిన్నది. రెండు ట్రాన్సిస్టర్లు దాన్ని పెంచుకుంట పోతయి. ఉన్నదే 9 వోల్టులు, అల దానికంటె ఎత్తు లేవలేదు. మానికె మీద గోపురంగ లేచిన బియ్యాన్ని చేత్తోని రాసినట్టు దాని తల సాఫయితది. ఆ తెగిన తలలకెల్లి కొత్త స్వరాలు పుట్టుకొస్తయి, మీరు వినే గరగర గదే. రెండో ట్రాన్సిస్టర్ కలెక్టర్ దగ్గర మీటర్ పెడితె 9ల సగం, అంటె నాలుగున్నర దగ్గర నిలవాలె. గందుకే పత్రికల 8.2 కిలో ఓమ్ అని ఉన్న చోట మేం ప్రీసెట్ అనే తిప్పేటి రెసిస్టర్ పెట్టి స్క్రూడ్రైవర్‌తోని తిప్పేటోళ్లం. నాలుగున్నరకు తెచ్చినంక మీటర్ పక్కన పెట్టి, గిటార్ వాయించేటోన్ని పిలిచి, ఇంక కొంచెం అటు, కొంచెం ఇటు తిప్పి చెవికి నచ్చిన చోట ఆపేది. ఎవని పెడల్‌ను వాని గిటార్‌తోనే, వాని చేతితోనే వాయించుకుంట ఆపాలె.

ఇగ ఎండాకాలం సంగతి. జర్మేనియం లీకు దాదాపు ప్రతి 10 డిగ్రీలకు రెట్టింపయితది. డిసెంబర్ రాత్రి మన దగ్గర 15 డిగ్రీలు, మే నెల పగలు 40 దాటుతది. అంటె లీకు ఐదారు రెట్లు పెరిగినట్టు. చలికాలంల తేనె లెక్క సాగిన స్వరం మే నెలల నడుమకు తెగిపోతది, చిటపటలాడుతది. పెండ్లిళ్లేమో ఎండలల్లనే! మంటపం కింద లైట్ల వేడికి పెడల్ మొండికేస్తె, మూత తీసి ప్రీసెట్ తిప్పి మళ్ల నాలుగున్నరకు తేవాలె. అందుకే ప్రీసెట్ ఎదురుంగ డబ్బాకు చిన్న రంధ్రం పెట్టుడు మొదలుపెట్టిన. మూత విప్పకుండనే స్క్రూడ్రైవర్ పోతది. సర్క్యూట్ బొమ్మ గీసినోళ్లది లండన్ చలి, మనది దక్కన్ ఎండ. ఏ ఊరి వాతావరణానికి ఆ ఊరోళ్లే చూసుకోవాలె.

డబ్బా గూడ శబ్దంల భాగమే. చెక్క డబ్బాల కడితె తీగ మీటకముందే ఆంప్‌ల ఆకాశవాణి హైదరాబాద్ వార్తలు వినిపించేటివి. 738 కిలోహెర్ట్‌జ్ మీడియం వేవ్‌ను ఆ ట్రాన్సిస్టర్ రేడియో లెక్కనే పట్టుకునేది, అది రేడియోకెల్లి తెచ్చిందే గద! రేకు పనిచేసేటాయనతోని జీఐ షీట్ డబ్బా మడతపెట్టిచ్చి, డబ్బాను గ్రౌండుకు కలిపి, ఇన్‌పుట్ దగ్గర చిన్న పికోఫారడ్ కెపాసిటర్ పెడితె అప్పుడు మౌనమైంది. ఇంకొకటి, ఈ ట్రాన్సిస్టర్లది పీఎన్‌పీ రకం, బ్యాటరీ ప్లస్సే గ్రౌండు. వేరే పెడళ్లతోని ఒక్క అడాప్టర్‌కు కలపొద్దు. ఇది తాగేది గూడ మిల్లీ ఆంపియర్ అంతనే, ఒక్క బ్యాటరీ నెలల తరబడి వస్తది.

బేస్ వాయించేటోళ్లు వచ్చి, ‘మాకు కట్టియ్యి’ అన్నప్పుడు ఇంక వేరే లెక్క. గిటార్ అడుగు తీగ 82 హెర్ట్‌జ్, బేస్ అడుగు తీగ 41. ఫజ్ పెట్టంగనే పై స్వరాలు ముందుకొచ్చి, కింది బరువు పోతది. అవుట్‌పుట్‌ల ఉన్న 0.01 మైక్రోఫారడ్ కెపాసిటర్‌ను 0.1 చేసేటోళ్లం. అది సగం మందే. అసలు మందు ఏందంటె, ఫజ్ తగలని అసలు బేస్‌ను పక్కదారిల తెచ్చి చివర్ల కలపాలె. ఈ సర్క్యూట్ల రెండు ట్రాన్సిస్టర్లు అలను రెండుసార్లు తిప్పుతయి, గందుకని తిన్నగనే బయటికొస్తది, కలుస్తది. పెంచుదామని ఇంకొక్కటి అదే తీరుగ కలిపితివా, అల తలకిందులయి కింది స్వరాలు ఒకదాన్నొకటి కొట్టుకుంటయి. తిన్నగ కలిపిన బేస్ పలికితే డోలు పక్కన గూడ గట్టిగ నిలవడేది.

తర్వాత సిలికాన్ వచ్చింది. బీసీ 108 కోఠిల ఏ దుకాణంలనైనా దొరికేది. లీకు ఉన్నా లేనట్టే, ఎండకు బెదరదు. శబ్దం పదునుగ, కొంచెం కరుకుగ ఉంటది. దాన్ని తక్కువ చేసి మాట్లాడను, హెండ్రిక్సే సిలికాన్ ఫజ్ ఫేస్ గూడ వాడిండు. అయితే జర్మేనియం దాంట్ల ఒక గుణం ఉన్నది. గిటార్ వాల్యూమ్‌ను సన్నగ తగ్గిస్తే ఫజ్ కరిగిపోయి గిటార్ అసలు గొంతు తేటగ బయటికొస్తది. అది రావాలంటె గిటార్ కేబుల్ నేరుగ ఫజ్‌లకే రావాలె, నడుమ ఇంకో పెడల్ ఉండొద్దు.

మీరు చేద్దామనుకుంటె ముందుగాల సిలికాన్‌తోని కట్టుండ్రి, ట్యాగ్ స్ట్రిప్ మీద, విప్పి మార్చుకునేటట్టు. తర్వాత జర్మేనియం వెదకండ్రి. ఇప్పుడు నకిలీవి మస్తు అమ్ముతున్నరు, గందుకే నేను చెప్పిన మీటర్ పరీక్ష పెట్టకుంట ఒక్కటి గూడ బిగియ్యొద్దు. కొన్న పెడల్ బాగుండదని కాదు. దాని గొంతును మీకంటె ముందే ఇంకెవరో ఏరిండ్రు. చేసుకున్న దాంట్ల ఏరేది మీరు, వినేది మీరు. ఈ చలికాలమే మొదలుపెట్టుండ్రి. మే నెల వచ్చేసరికి ప్రీసెట్ ఎటు తిప్పాల్నో నన్ను అడగాల్సిన పని ఉండదు.