కాలువకి ఇవతల క్యాంపు

మా ఊరికి సొంత పేరంటూ లేదు. అరమైలు దూరంలో ఉన్న కన్నడ పల్లె పేరు చెప్పి చివర ‘క్యాంపు’ అని చేరిస్తే అదే మా ఊరు. కారటగి నుంచి సింధనూరు వెళ్ళే దారికి అటూ ఇటూ ఇలాంటి క్యాంపులు చాలా ఉన్నాయి. గంగావతి, మాన్వి వైపూ అంతే. వాకిట్లో ముగ్గు, పక్కన గడ్డివామి, వీధి చివర రామాలయం, అరుగుల మీద గుంటూరు యాస. నేను 1962లో అక్కడే పుట్టాను. ముప్పై ఏళ్ళకి పైగా కన్నడ బడిలో పంతులమ్మగా పనిచేశాను. మా వాళ్ళ వలస గురించి ఎవరు మాట్లాడినా ఎన్ని ఎకరాలు సాగులోకి వచ్చాయి, ఎన్ని రైసు మిల్లులు లేచాయి అనే చెబుతారు. వచ్చినవాళ్ళకీ ఉన్నవాళ్ళకీ మధ్య మాట ఎలా కలిసింది, కలవడానికి ఎన్నేళ్ళు పట్టింది అన్నది నాకు ముఖ్యం. మా నాయనమ్మ నోట విన్నదీ నా కళ్ళారా చూసిందీ కలిపి రాస్తున్నాను.

తుంగభద్ర ఆనకట్టకి 1945 ఫిబ్రవరి 28న ఏటికి రెండు పక్కలా శంకుస్థాపన జరిగింది. ఎడమ గట్టున నిజాం ప్రభుత్వం తరఫున బేరారు యువరాజు, కుడి గట్టున మద్రాసు గవర్నరు ఆర్థర్ హోప్ రాయి వేశారు. 1953లో కాలువలకి నీళ్ళు వదిలారు. ఎడమ కాలువ మునీరాబాదు దగ్గర మొదలై గంగావతి, కారటగి, సింధనూరు, మాన్వి మీదుగా రాయచూరు వైపు పోతుంది. కరువుసీమ అది. వాన పడితే నల్లరేగడిలో జొన్న, పత్తి. పడకపోతే ఏమీ లేదు. అక్కడి రైతులకి కాలువ నీళ్ళు చూసి సంతోషం కంటే అనుమానమే ఎక్కువ కలిగింది. రేగడిలో నీళ్ళు నిలబెడితే భూమి పాడవుతుందని వాళ్ళ భయం. ఆ భయం ఉత్తదేమీ కాదు, తర్వాత ఎన్నో చోట్ల చౌడు తేలింది. పైగా చదును చేయాలన్నా, బోదెలు తీయాలన్నా చేతిలో డబ్బుండాలి. వాళ్ళ దగ్గర లేదు. అమ్ముకున్నారు.

కొన్నది మేం. గుంటూరు వైపు డెల్టాలో ఒక ఎకరం అమ్మితే ఇక్కడ దానికి ఎన్నో రెట్లు వచ్చేది. తెనాలి దగ్గర రెండెకరాలు అమ్ముకుని మా తాతయ్య 1955లో ఇద్దరు తమ్ముళ్ళతో వచ్చాడు. ఆయన మేనమామలు అప్పటికే నిజాంసాగర్ కింద వర్ని వైపు వెళ్ళి స్థిరపడ్డారు. అక్కడా వాళ్ళది క్యాంపే. అందుకని ఆ మాట మా ఇంట్లో ముందునుంచీ ఉంది. మరుసటి ఏడు, 1956 నవంబరు 1న, రాయచూరు జిల్లా మైసూరు రాష్ట్రంలోకి వెళ్ళింది. హైదరాబాదు రాష్ట్రమని వచ్చినవాళ్ళు మైసూరు వాళ్ళయ్యారు.

మా వాళ్ళు అప్పుడే ఆ కన్నడ ఊళ్ళో ఇల్లు కట్టుకుని ఉంటే ఎలా ఉండేదో అని నేను చాలాసార్లు అనుకున్నాను. కాలువ ఇవతల పొలం, పొలం గట్టునే గుడిసెలు, అందరూ మనవాళ్ళే. దాని సుఖం దానికుంది. కానీ ఊళ్ళో ఉంటే బావి దగ్గరో, గిర్నీ దగ్గరో ఎవరో ఒకరు కనబడి పలకరించక తప్పదు. క్యాంపులో ఆ అవసరమే రాలేదు. మూడేళ్ళు తను కాలువ వంతెన దాటింది లేదని నాయనమ్మ చెప్పేది.

ముందు తాతయ్య సంగతి చెప్పాలి. రెండో ఏట తొలకరిలో గంగావతి నుంచి బియ్యం బస్తాలతో వస్తుంటే బండి రేగడిలో ఇరుసుదాకా దిగబడింది. తడిసిన రేగడి చక్రాన్ని పట్టుకుంటే వదలదు. చక్రమూ మట్టీ కలిసి ఒకే ముద్దవుతుంది. పక్క చేలో ఉన్న ఊరి రైతు తన ఎద్దుల్ని తోలుకొచ్చి, ఇంకో ఇద్దర్ని కేకేసి, మధ్యాహ్నం దాకా తంటాలు పడి బండిని బయటికి లాగాడు. తాతయ్య నడుముకి కట్టుకున్న సంచి విప్పి డబ్బు తీశాడు. ఆ రైతు ముట్టుకోలేదు. “ఊటా మాడ్కొండు హోగ్రీ” అన్నాడు, అన్నం తిని వెళ్ళండని. మూటలో జొన్నరొట్టెలున్నాయి. తాతయ్య తినలేదు. మాకు రొట్టె అలవాటు లేదని చెప్పి, ఎద్దుల మెడ మీద డబ్బు పెట్టబోయాడు. రైతు ఎద్దుల్ని తోలుకుని వెళ్ళిపోయాడు. రెండేళ్ళు ఆయన మా తాతయ్యతో మాట్లాడలేదు. తాతయ్యకి చివరిదాకా ఆ పొద్దు గుర్తే.

ఇక నాయనమ్మ. ఆవిడ తెనాలి నుంచి చీర చెంగున గోంగూర గింజలు ముడివేసుకుని వచ్చింది. మొదటి ఏడు విత్తితే కాలువ నీళ్ళు ఎక్కువై కుళ్ళిపోయాయి. మిగతా గింజలు ఎలుకలు తిన్నాయి. అన్నంలో పచ్చడి లేకుండా రెండేళ్ళు గడిచాయి. ఒకరోజు కాలువలో బట్టలు ఉతుకుతుంటే అవతలి మెట్ల మీద ఊరావిడ ఒకామె బుట్టెడు ఆకు కడుగుతోంది. ఎర్రకాడ, వేళ్ళు విప్పినట్టున్న ఆకు. నాయనమ్మ బట్టలు అక్కడే వదిలేసి మొదటిసారి వంతెన దాటింది. “గోంగూర” అంది వేలు చూపించి. ఆవిడ “పుండి” అంది. ఇద్దరికీ ఒక్క మాటా కలవలేదు. నాయనమ్మ చెంగు చాపింది. ఆవిడ ఒక గుప్పెడు పెట్టి, ఆ ముఖం చూసి, బుట్ట సగం వంపేసింది.

మర్నాడు అదే మెట్ల దగ్గర ఆవిడ చిన్న ముంతలో పుండిపల్లె తెచ్చింది. ఆ పుండి ఆకునే జొన్న నూకతో కలిపి ముద్దగా ఉడికించి, దంచిన వెల్లుల్లి తాలింపు వేస్తారు. రొట్టెలో ఉంచి చేతికిస్తే నాయనమ్మ గట్టు మీద నిలబడే తినేసింది. రొట్టె తినని ఇల్లాలు! పది రోజులకి నూనె తేలుతున్న గోంగూర పచ్చడి జాడీ అవతలికి వెళ్ళింది. అంత నూనె చూసి ఆవిడ నోరు వెళ్ళబెట్టిందట. అప్పట్నుంచి నాయనమ్మ ఆవిడని ‘అక్క’ అంది, ఆవిడ నాయనమ్మని ‘తంగి’ అంది.

నాయనమ్మకి కన్నడం వచ్చింది ఆవిడ వల్లనే. మన ‘ప’ వాళ్ళకి ‘హ’ అని కనిపెట్టింది. పాలు హాలు, పులి హులి, పాము హావు, పువ్వు హూవు, పండు హణ్ణు. ఉప్పు మాత్రం రెండిళ్ళలోనూ ఉప్పే. నేను బడిలో చేరకముందే ఈ పాఠం నాయనమ్మ ఒళ్ళో నేర్చుకున్నాను. తర్వాత క్యాంపు పిల్లలకి కన్నడం ఇలాగే మొదలుపెట్టించేదాన్ని.

ఆ అక్క మొగుడు ఎవరో నాయనమ్మకి చాలా నెలల దాకా తెలియదు. మార్గశిర అమావాస్య వచ్చింది. వాళ్ళకది ఎళ్ళమావాస్య. ఇంటిల్లిపాదీ బండి కట్టుకుని చేనికి వెళ్ళి, అయిదు రాళ్ళకి సున్నం పూసి పాండవులని పూజ చేసి, తెచ్చిన వంటలన్నీ కొంచెం కొంచెం కలిపి చేను చుట్టూ చల్లుతారు. దాన్ని చరగ అంటారు. భూమితల్లికి పెట్టే అన్నం అది. తర్వాత చుట్టాలూ స్నేహితులూ చేలోనే కూర్చుని తింటారు. చరగకి పిలిచారంటే మనిషిని లెక్కలోకి తీసుకున్నట్టు. ఆ రోజు మా గుడిసె ముందు బండి ఆగింది. తోలుకొచ్చిన మనిషిని చూసి తాతయ్య లేచి నిలబడ్డాడు. ఆ ఎద్దుల్ని కూడా గుర్తుపట్టాడు.

ఇద్దరూ ఆ పాత మాట ఎత్తలేదు. “బర్రి” అన్నాడాయన, రండి అని. చేలో తెల్లజొన్న మనిషెత్తున నిలబడి ఉంది. సజ్జరొట్టె, సజ్జ కడుబులు, వంకాయ ఎణ్ణెగాయి, పుండిపల్లె, గురెళ్ళ పొడి, వేరుశనగ హోళిగె, గడ్డపెరుగు. తాతయ్య మూడు రొట్టెలు తిన్నాడు. నమలడానికి అవస్థపడ్డాడనీ, మూడోది తనే అడిగి వేయించుకున్నాడనీ నాయనమ్మ చెప్పేది.

మా క్యాంపు వాళ్ళు ఊరికి అప్పటిదాకా చాలానే ఇచ్చారు. నాట్లకీ కోతలకీ కూలి ఇచ్చారు, ముందస్తుగా అప్పులిచ్చారు, పెళ్ళిళ్ళకి పిలిచి పంక్తిలో వడ్డించారు. వాటితో ఊరు మాకు బాకీ పడింది తప్ప దగ్గర కాలేదు. చెంగు చాపి అడిగింది, ఒకరి చేలో వాళ్ళ అన్నం తిన్నది అప్పుడే మొదలు.

అంతా తీపిగా సాగిందని చెబితే అబద్ధమవుతుంది. ఈ ప్రాజెక్టు కట్టింది కరువు తట్టుకోవడానికి. ఏ సర్వే నంబరులో ఏ పంట వేయాలో ప్రభుత్వం ముందే రాసిపెట్టింది. ఎక్కువ భాగం జొన్న, వేరుశనగ, పత్తి వంటి ఆరుతడి పంటలకే. మేం వచ్చి వరి వేశాం. కాలువ మొదట్లో వరి మడి నిండితే చివర్లో ఉన్నవాడి బోదె ఎండుతుంది. మాన్వి, రాయచూరు వైపు రైతులు ఈ రోజుకీ అదే మొర పెట్టుకుంటున్నారు, న్యాయంగానే పెట్టుకుంటున్నారు. నాకు పదేళ్ళప్పుడు అక్క వాళ్ళ కొత్త చేను మా ఉపకాలువ చివర ఉండేది. ఆ ఏడు మా మడిలో చీలమండ లోతు నీళ్ళు, వాళ్ళ చేలో నెర్రెలు. అక్క రావడం మానేసింది. మూడు నెలలు చూసి నాయనమ్మ మగవాళ్ళని కూర్చోబెట్టి, “రాత్రిపూట తూము మీరే ఎత్తుతున్నారని ఊరికంతా తెలుసు. ఇక ఎత్తకండి” అంది. తాతయ్య తమ్ముళ్ళు ఒప్పుకోలేదు. తాతయ్య ఒప్పుకున్నాడు. మా వాటా ఆరెకరాల్లో రెండు సీజన్లు వరి మానేసి జొన్న వేశాం. మా ఒక్క ఇల్లు మానితే కాలువ చివరికి ఎన్ని నీళ్ళు చేరతాయి? కొద్దిగా చేరాయి. అక్క మళ్ళీ వచ్చింది.

నాయనమ్మ 1994లో పోయింది. చావు జరిగిన ఇంట్లో పొయ్యి వెలగదు. క్యాంపు వాళ్ళు అన్నం తెస్తారని చూస్తున్నాం. వాళ్ళకంటే ముందు వంతెన మీద అక్క కనబడింది. ఎనభై దాటిన మనిషి, మనవడి భుజం పట్టుకుని నడుస్తోంది. వాడి నెత్తిన తెల్లగుడ్డ కప్పిన బుట్ట. రొట్టెలు ఇంకా వేడిగా ఉన్నాయి. వాటి మధ్య ముంతలో పుండిపల్లె. “తంగిగె” అంది, చెల్లెలికి అని. ముందు ఒక రొట్టె తుంచి నాయనమ్మ తల దగ్గర పెట్టి, తర్వాత మా అందరి చేతుల్లో తలా ఒకటి పెట్టుకుంటూ వచ్చింది.