ఆర్బోవైరస్: చెట్టు పేరు కాదు

ధవళేశ్వరం ఆనకట్ట పనులు 1847లో మొదలై 1852లో ముగిశాయి. ఆ నీటితో డెల్టా అంతా వరిమళ్ళయింది. వాటి వెంట దోమ కూడా మనకు చుట్టమయింది. డెంగీ రోజులలో పాఠకులు నన్నడిగే ప్రశ్న ఒకటుంది: "డాక్టరుగారూ, ఆర్బోవైరస్ అంటే చెట్ల నుండి వచ్చే వైరసా?"

ఈ పొరపాటు మీదొక్కరిదే కాదు. దోమ, పిడుదు, ఇసుక ఈగ వంటి కీళ్ళకాళ్ళ జీవులను శాస్త్రం ఆర్త్రోపాడ్లు అంటుంది. అవి మోసుకొచ్చే వైరసులను 'ఆర్త్రోపాడ్-బార్న్' అన్నారు. 'బార్న్' చివర ఆంగ్లంలో 'ఈ' అక్షరం ఉన్నదని గమనించండి. అది ఉంటే 'మోయబడినది' అని అర్థం, లేకుంటే 'పుట్టినది' అని. ఆ రెండు మాటల తొలి భాగాలను కలిపి మొదట 'ఆర్బర్ వైరస్' అని వాడారు. లాటిన్‌లో ఆ మాటకు చెట్టు అని అర్థం! గందరగోళం తొలగడానికి చివరి రేఫను తీసివేశారు. కనుక 'ఆర్బోవైరస్' అని పలకడమే సరి.

మోయడమంటే సూదిమొనకు అంటిన రక్తంలా మోయడం కాదు. వైరస్ దోమ కడుపులో పెరిగి లాలాజల గ్రంథులకు చేరాలి. అందుకు సుమారు 8 నుండి 12 రోజులు పడుతుంది. ఆ తరువాత ఆ దోమ బ్రతికినన్నాళ్ళూ ప్రమాదమే. పసుపుజ్వరానికి దోమే కారణమని 1881లో క్యూబా వైద్యుడు కార్లోస్ ఫిన్లే చెబితే లోకం నవ్వింది. 1900లో వాల్టర్ రీడ్ బృందం దానిని నిరూపించింది.

మన బోదకాలును కూడా దోమే మోస్తుంది. అయితే అది పురుగు వలన వచ్చే వ్యాధి, కనుక ఈ జాబితాలో చేరదు. డెంగీకి కాలువను తిట్టుకోవడమూ పొరపాటే. ఏడిస్ దోమ పెరిగేది మీ ఇంటి తొట్టిలో, పూలకుండీలో నిలిచిన మంచినీటిలో. వరిమడి దోమ వేరు. అది మోసేది జపనీస్ మెదడువాపు వైరస్‌ను.

కీటకాలకే వచ్చే వైరసులు మరొక తెగ. పట్టుపురుగును ఉబ్బించి పాలవంటి ద్రవం కార్పించే బాక్యులోవైరస్ అటువంటిది. 'బాక్యులమ్' అంటే లాటిన్‌లో కర్ర. ఆ వైరస్ ఆకారం అది. మనిషికి దానివలన రోగం రాదు.

1965లో మహారాష్ట్రలో నాగపూర్ ప్రాంతపు చాందీపురా గ్రామం పేరున ఒక వైరస్‌ను గుర్తించారు. ఒడిశాలోని చాందీపూర్‌కు దీనితో సంబంధం లేదు. 2003 జూన్-ఆగస్టు నెలలలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 329 మంది పిల్లలు మెదడువాపు బారిన పడ్డారు, 183 మంది మరణించారు. పరిశోధకులు అందుకు కారణంగా ఈ వైరస్‌నే చూపారు. దీనిని మోసేది ఇసుక ఈగ. పగిలిన మట్టిగోడల నెర్రెలలో, పశువుల పాకలలో అది తలదాచుకుంటుంది.