"రెస్ట్ తీసుకో అమ్మా" అన్నాక ఏమైంది? మస్తానమ్మ కథ, మా అమ్మ కథ

ఈ ఎపిసోడ్‌లో రాజులు లేరు, యుద్ధాలు లేవు. అయినా ఇది చరిత్రే. మన గుంటూరు, ప్రకాశం పల్లెల్లో ఇళ్ళు ఎట్లా ఖాళీ అయ్యాయి, ఆ ఇళ్ళలో మిగిలిన అమ్మలు ఏం చేశారు అన్నదే ఈ రోజు విషయం.

ముందు నా తప్పు చెప్పుకుంటా. మాది పర్చూరు వైపు ఒక పల్లెటూరు. నేను హైదరాబాద్‌లో, చెల్లి అమెరికాలో. నాన్న పోయాక అమ్మ ఒక్కతే మిగిలింది. ఉన్న రెండెకరాలు కౌలుకు ఇచ్చేసి, "ఇప్పటిదాకా పడ్డ కష్టం చాలు, ఇంక పొలం వంక చూడొద్దు, రెస్ట్ తీసుకో అమ్మా" అని చెప్పి వచ్చేశా. ప్రేమతోనే చెప్పా. ఆర్నెల్లు తిరిగేసరికి మా ఫోన్ మాటలు రెండు నిమిషాలు కూడా దాటేవి కావు.

"తిన్నావా అమ్మా?"

"తిన్నా."

"ఏం చేస్తున్నావు?"

"ఏం చేసేదిరా, పొద్దు పోవట్లా."

అంతే, ఫోన్ పెట్టేసేది. అమ్మకు ఒంట్లో బాగాలేదేమో అనుకున్నా. పరీక్షలు చేయిస్తే అన్నీ బాగానే ఉన్నాయి. లోపం ఎక్కడుందో నాకు చాలా రోజులు అర్థం కాలేదు.

అది అర్థం కావాలంటే కొంచెం వెనక్కి వెళ్ళాలి. 1955లో నాగార్జునసాగర్‌కు శంకుస్థాపన జరిగింది. 1967లో కాలువలకు నీళ్ళు వదిలారు. కుడి కాలువ గుంటూరు జిల్లా మీదుగా ప్రకాశం వైపు వచ్చింది. నల్లరేగడి భూములు, కాలువ నీళ్ళు, 1970ల్లో వరలక్ష్మి లాంటి హైబ్రిడ్ పత్తి రకాలు. మెట్ట పైర్లు వేసిన చేలల్లోకి పత్తి వచ్చింది, మిరప పెరిగింది. చేతిలో డబ్బు ఆడింది. పెంకుటిళ్ళు డాబాలయ్యాయి.

ఈ రెండు పంటల్లోనూ ఆడవాళ్ళ చేతుల మీద నడిచే పని చాలా ఎక్కువ. పత్తి తీత వాళ్ళదే. మిరపకాయ కోత వాళ్ళదే. కల్లంలో కాయ ఆరబోయడం, మబ్బు పడితే పరుగెత్తి పట్టాలు కప్పడం, తెల్లబారిన తాలు కాయలు ఏరి పక్కన పెట్టడం, అన్నీ వాళ్ళే. గుంటూరు మిర్చి యార్డుకు టిక్కీలు చేరాక రేటు మాట్లాడేది మగవాళ్ళు. కానీ ఆ రేటు వచ్చేలా సరుకును తయారు చేసేది కల్లంలో కూర్చున్న ఆడవాళ్ళు.

తర్వాత 1987 వచ్చింది. ఆ సీజన్‌లో గుంటూరు, ప్రకాశం పత్తి మీద తెల్లదోమ విరుచుకుపడింది. మందు మీద మందు కొట్టారు. దోమ చావలేదు, అప్పు పెరిగింది. 1987-88లో పత్తి రైతుల ఆత్మహత్యలతో మన ప్రాంతం పేరు దేశమంతా వినపడింది. మా నాన్న ఆ ఏడాది స్ప్రేయర్ భుజాన వేసుకుని తిరిగిన కుర్రాడు. మాకు ఊహ తెలిసినప్పటి నుంచీ ఆయన చెప్పింది ఒకటే: "ఈ మట్టి నాతో ఆగిపోవాలి. మీరు చదువుకోండి."

చాలా ఇళ్ళల్లో అదే మాట. పత్తి డబ్బులు, మిర్చి డబ్బులు, అవి లేకపోతే వడ్డీ డబ్బులు గుంటూరు, విజయవాడ కాలేజీ హాస్టళ్ళకు వెళ్ళాయి. ఇంటర్, ఇంజనీరింగ్, హైదరాబాద్, బెంగళూరు, ఆ తర్వాత అమెరికా. పిల్లలు ఎదిగారు. అమ్మానాన్నలు కోరుకున్నదే జరిగింది. చివరికి ఆ డాబాల్లో ఒక్కో మనిషి మిగిలాడు.

ఇప్పుడు తెనాలి దగ్గరి గుడివాడకు వెళ్దాం. కృష్ణా జిల్లాలో ఉన్న గుడివాడ టౌన్ కాదు, గుంటూరు జిల్లాలోని చిన్న ఊరు. అక్కడ కర్రె మస్తానమ్మ ఉండేది. పదకొండేళ్ళకు పెళ్ళయింది, ఇరవై రెండేళ్ళకు భర్త పోయాడు. ఐదుగురు పిల్లల్లో నలుగురు పోయారు, ఒక్క కొడుకు మిగిలాడు. పొలం పనులు చేసుకుంటూ బతికింది. ఆ ఇంటిని ఉద్యోగాలకు వెళ్ళిన పిల్లల ఇంటితో పోల్చలేం. అది అంతకంటే ఖాళీ. అయినా పెద్ద వయసులో కూడా తన గుడిసెలో తాను ఉండటానికే ఇష్టపడింది.

2016లో ఆమె మునిమనవడు లక్ష్మణ్, ఆయన స్నేహితుడు శ్రీనాథ్ రెడ్డి కలిసి 'కంట్రీ ఫుడ్స్' అనే యూట్యూబ్ ఛానల్ మొదలుపెట్టారు. మస్తానమ్మ చేత వంకాయ కూర వండించి వీడియో పెట్టారు. అప్పటికే ఆమెకు నూట ఐదేళ్ళని ఇంట్లోవాళ్ళు చెప్పారు. స్టూడియో లేదు, గ్యాస్ పొయ్యి లేదు. పొలం గట్టు, కట్టెల పొయ్యి, మట్టి కుండ. అల్లం పొట్టు గోటితోనే గీకేసేది. కొలతలు చెంచాల్లో ఉండవు, అరచేతిలో ఉంటాయి. పుచ్చకాయ లోపల కోడికూర వండిన వీడియోను కోటి సార్లకు పైగా చూశారు. తెలుగు ముక్క రాని వాళ్ళు కూడా ఆ నవ్వు కోసం చూశారు. 2018 డిసెంబరులో ఆమె పోయేనాటికి ఛానల్‌కు 12 లక్షలకు పైగా సబ్‌స్క్రైబర్లు ఉన్నారు. విదేశీ వార్తా సంస్థలు కూడా ఆ కబురు రాశాయి.

మనం ఈ కథను 'వైరల్ బామ్మ' అని చెప్పుకుని వదిలేస్తాం. నేనూ అట్లాగే వదిలేశా. మొన్న ఆ పాత వీడియోలు వరసగా చూస్తుంటే ఒక సంగతి తట్టింది. మస్తానమ్మ కొత్తగా ఏం నేర్చుకుంది? ఏమీ లేదు. జీవితమంతా వండిన కూరే వండింది. మారింది ఒక్కటే. "ఇది ఎట్లా చేస్తావు, మాకు చూపించు" అని అడిగే మనిషి ఎదురుగా వచ్చి కూర్చున్నాడు.

ఇంకో పేరు మీకు బాగా తెలుసు. తెలంగాణలో జగిత్యాల జిల్లా లంబాడిపల్లి గంగవ్వ. పొలం పని చేసి, బీడీలు చుట్టి పిల్లల్ని పెంచిన మనిషి. 'మై విలేజ్ షో' కుర్రాళ్ళు ఆమెకు నటన నేర్పించలేదు. ఊళ్ళో ఆమె ఎట్లా మాట్లాడుతుందో అట్లాగే మాట్లాడమన్నారు. 2020లో బిగ్‌బాస్ ఇంటిదాకా ఆ మాటే తీసుకెళ్ళింది.

"నూరేళ్ళ మనిషితో పొయ్యి ముందు పని చేయించి వ్యూస్ సంపాదించారు" అని ఎవరైనా అనొచ్చు. అది అడగాల్సిన ప్రశ్నే. పెద్దవాళ్ళ ఇష్టం, ఓపిక చూసుకోకుండా కెమెరా పెడితే అది ప్రేమ కాదు. కానీ ఆ వీడియోలు మీరే చూడండి. కుండ ఎక్కడ పెట్టాలో ఆమె చెబుతుంది, కుర్రాళ్ళు పెడతారు. అక్కడ పెద్దరికం ఆమెదే. నేను మా అమ్మ దగ్గర తీసేసుకుంది సరిగ్గా అదే. కష్టం తీసేస్తున్నా అనుకుని, పెద్దరికం కూడా తీసేశా.

మా అమ్మ సంగతి ఎట్లా మారిందో చెబుతా. మా పొలం కౌలుకు చేసేది ఒక చిన్న వయసు జంట. మిరప వాళ్ళకు కొత్త. మొన్న ఫిబ్రవరిలో కాయ కల్లంలో ఉన్నప్పుడు ఆ అమ్మాయి మా ఇంటికొచ్చి, "అత్తమ్మా, కాయ ఆరిందో లేదో నాకు తెలియట్లా, ఒకసారి వచ్చి చూడవా" అని అడిగిందంట. అమ్మ వెళ్ళింది. కాయను చెవి దగ్గర పెట్టుకుని ఆడించి చూసింది. గింజ చప్పుడు వినపడాలంట. నలభై ఏళ్ళుగా అమ్మకు తెలిసిన విద్య అది. నేను ఒక్కసారి కూడా అడగలేదు.

ఆ రాత్రి ఫోన్ నేను చెయ్యలేదు, అమ్మే చేసింది. ఇరవై నిమిషాలు మాట్లాడింది. "ఆ పిల్లకి తాలు ఏరడం రాదురా, మంచి కాయ కూడా తాలులో పడేస్తోంది. రేపు పొద్దున్నే వెళ్ళాలి" అంది. వెళ్ళొద్దని చెప్పడానికి నోటిదాకా వచ్చింది. మింగేశా. "ఎండెక్కక ముందే వచ్చేయి" అన్నా, అంతే.

ఇప్పుడు సీజన్‌లో పొద్దున రెండు గంటలు ఆమె కల్లంలోనే. పని చేయదు, చెబుతుంది. సరే, అబద్ధమెందుకు, అప్పుడప్పుడు చేస్తుంది కూడా.

ఊరి నుంచి దూరంగా ఉండి ఈ వీడియో చూస్తున్న వాళ్ళకు ఒక్క మాట. మీ అమ్మ చేత ఛానల్ పెట్టించమని నేను చెప్పట్లేదు. అందరికీ కెమెరా అక్కర్లేదు. మనం నెలనెలా డబ్బులు పంపుతాం, మందులు తెప్పిస్తాం, సీసీ కెమెరా కూడా బిగిస్తాం. ఒక్కటి మాత్రం మర్చిపోతాం. ఇన్నేళ్ళు ఆమె చేతిలో ఉన్న విద్య ఇంకా ఎవరికో అవసరమని ఆమెకు తెలియనివ్వం. అడిగేవాళ్ళు మనమే కానక్కర్లేదు. పక్కింటి పిల్ల అడిగినా చాలు. మనం అడ్డం పడకుండా ఉంటే చాలు.

ఈ రాత్రి ఫోన్‌లో "తిన్నావా" అని అడిగాక ఆగిపోకండి. మీకు నిజంగా రాని పని ఒకటి అడగండి. ఆవకాయలో ఉప్పు ఎంతో, విత్తనం ఎట్లా దాచాలో, ఏదైనా సరే. ఎన్ని నిమిషాలు మాట్లాడారో కామెంట్‌లో రాయండి. నేను చదువుతా, మా అమ్మకు కూడా చదివి వినిపిస్తా.

మళ్ళీ కలుద్దాం. ఉంటా మరి.