ప్రకటనయా? ప్రదర్శనమా?



స్వల్పమైన మూలధనముతో అంగడి పెట్టినవానికి దాని పేరు పదిమందికి తెలియజేయుటకై మిగులు సొమ్ము మిక్కిలి తక్కువ. ఆ సొమ్ముతో పత్రికలో ప్రకటన వేయింపవలయునా, జనులు గూడుచోటికి సరకు గొనిపోయి చూపవలయునా యను ప్రశ్న మనలో పెక్కుమందిని బాధించుచున్నది. నేడు అచ్చుకాగితమునకు తోడు చేతిఫోనులోని ప్రకటనయు వచ్చి చేరినది గాని ప్రశ్న మాత్రము మారలేదు. ఇందులకు మన తెలుగువారి యొక వ్యాపార చరిత్రమును తిరుగవేసి చూచుట మేలని మాకు తోచినది.

మన పెద్దలకీ చిక్కు లేదు. సంతలోనే సరకు, సంతలోనే కేక. అచ్చు వచ్చిన పిమ్మటనే ఈ రెండును విడిపోయినవి. 1780లో కలకత్తాయందు హికీ దొర పత్రిక పెట్టినది మొదలు ప్రకటన చదువుకొన్నవారి సొత్తాయెను.

కృష్ణామండలమున జనించిన కాశీనాథుని నాగేశ్వరరావు పంతులుగారు 1893లో బొంబాయియందు అమృతాంజనమును స్థాపించిరి. మొదట దాని వెల పది అణాలు. మందు క్రొత్తది, పేరు క్రొత్తది, ఊరు పరభాషలవారిది. పంతులుగారు సంగీత సభలకు వచ్చినవారికి ఆ మందును ఉచితముగా పంచిపెట్టిరి. ఇందలి సూక్ష్మమును మేమిట్లు గ్రహించితిమి. కచేరి గంటలకొలది సాగును. శ్రోత కదలక కూర్చుండును. తలనొప్పి గలవాడు అప్పుడే నుదుట రాచికొని గుణము తెలిసికొనును. ఘాటైన వాసన ప్రక్కవానికి తగులును. అతడును ఇదేమని యడుగును. కాసు వ్యయము లేకయే ఒకడు పదిమందికి చెప్పును. ఆ కాలమున పత్రిక చదువగలవారెందరు? 1901 జనాభా లెక్కలలో దేశమున అక్షరాస్యులు నూటికి ఆరుగురైనను లేరు!

అట్లని పంతులుగారు అచ్చును తృణీకరించినవారు కారు. 1908లో బొంబాయినుండియే ఆంధ్రపత్రికను వారపత్రికగా వెలువరించి, 1914లో చెన్నపట్టణమున దినపత్రికగా నడపిరి. అమృతాంజనపు లాభము పత్రికను పోషించెను. పత్రిక ఆ పేరును ఊరూరికి మోసెను. అయినను సీసా చేతికందినది ముందు, సొంత పత్రిక పుట్టినది పదునైదేండ్లకు తరువాత. ఈ క్రమమే మాకు ముఖ్యముగా కనబడుచున్నది.

తేయాకు తోటలవారు రెండును ఒక్కమారే చేసిరి. 1903 నాటి చట్టముచే ఎగుమతి తేయాకుపై వసూలైన పన్ను ప్రచారమునకు వినియోగపడెను. 1930 ప్రాంతములందు వారి ప్రచారకులు సంతలలో ఊరక తేనీరు కాచిపోసిరి. రైలుస్టేషనులలో కాచు విధమును తెలుపు రేకుపలకలు తగిలించిరి. మన చిన్న వర్తకునికి అట్టి నిధి యెక్కడిది? అతడు ఎన్నుకొనక తప్పదు.

ఇచ్చట ఒక మాట చెప్పిన ఈ సంచికకు ప్రకటనలిచ్చిన పోషకులు మమ్ము క్షమింతురుగాక. ఇట్టి సంచికలోని ప్రకటన సగము వ్యాపారము, సగము విరాళము. దానిని ప్రచారపు పద్దులో వ్రాసికొని, పిమ్మట బేరములు రాలేదని వగచుట న్యాయము కాదు.

సభలును తిరునాళ్లును అన్ని సరకులకు తగవు. రుచియో వాసనయో గలది అక్కడికక్కడే తన గుణమును చూపగలదు, ఇనుపపెట్టె చూపజాలదు. దాని మన్నిక పదేండ్లకుగాని తెలియదు గనుక, అట్టిదానికి పేరును మరల మరల కంటబడజేయు అచ్చే శరణ్యము. తగిన సరకైనను ఏమరుపాటు చెరుపును. మేము మా పచ్చళ్ల వ్యాపారము క్రొత్తలో ఒక తిరునాళ్లకు పోయి, రెండు జాడీల ఆవకాయ వచ్చినవారికెల్ల రుచి చూపితిమి. అందరును మెచ్చిరి. పలువురు "మీ అంగడి యెక్కడనండీ?" యని యడిగిరి. నోటితో చెప్పితిమి, వారు తలయూపి జనములో కలిసిపోయిరి. ఆ నెలలో ఒక్కరును రాలేదు. మరుసటి యేట అంగడి పేరు, వీధి పేరు అచ్చువేయించిన చిన్న చీటీలను వెంట తీసికొనిపోయితిమి. వాని వ్యయము పత్రికలో ఒక మూల ప్రకటనకంటె తక్కువ. పండుగ వెళ్లిన వారమునకు, మడతలుపడిన చీటీ చేతబట్టుకొని మొదటి బేరగాడు మా గుమ్మము తొక్కెను.