ఇల్లు కదలని ఇల్లాళ్ళు

"ఇల్లు ఖాళీ చెయ్యండి." మూడే మూడు మాటలు. అద్దె ఇంట్లో కాపరం చేసిన ఏ ఇల్లాలికైనా ఈ మాటలు వినగానే ముందు గుండె గుభేలుమంటుంది, ఆ తరువాతే బుర్ర పనిచెయ్యడం మొదలెడుతుంది. పిల్లల బడికి దగ్గరలో మళ్ళీ ఇల్లు దొరుకుతుందా? అక్కడ నీళ్ళు ఎలా ఉంటాయో? అటక మీది సామానంతా దింపేదెవరు? మగవాళ్ళు లారీ మాట్లాడి వస్తారు, నిజమే. సంసారాన్ని మూటలు కట్టి, ఇంకోచోట విప్పి, అది మళ్ళీ సంసారంలా కనబడేలా చేసేది మాత్రం మనమే కదా!

"ఇల్లు కట్టి చూడు, పెళ్ళి చేసి చూడు" అన్నారు మన పెద్దలు. అద్దెకుండి చూడు అని ఎవరూ అనలేదు. ఎవరి గూడు వాళ్ళకున్న పల్లెటూళ్ళలో పుట్టిన సామెత అయివుంటుంది. పట్నాలు పెరిగి, ఉద్యోగాల కోసం మనుషులు ఊళ్ళు మారడం మొదలయ్యాకే అడ్వాన్సు, వాటా, లాయరు నోటీసు అన్న మాటలు మన ఇళ్ళలోకి వచ్చాయి.

అయితే ఆ నోటీసుకీ, మన మంచాలు వీధిలో పడడానికీ మధ్య ఒక గోడ ఉంది. నోటీసు ఇచ్చినంత మాత్రాన ఇల్లు ఇంటాయన చేతికి వెళ్ళిపోదు. మనం కదలనంటే ఆయన కోర్టు మెట్లెక్కాల్సిందే. అద్దె నియంత్రణ చట్టం కిందికి వచ్చే ఇల్లయితే, ఎందుకు ఖాళీ చెయ్యాలో కారణం చూపించి, దాన్ని రుజువు కూడా చెయ్యాలి. ఈ గోడ మనకు ఎక్కడినుంచి వచ్చిందా అని వెనక్కి నడుచుకుంటూ పోతే, దారి స్కాట్లాండులోని గ్లాస్గో నగరం దగ్గర తేలుతుంది. అక్కడ మనకు కనబడేది చేతులకు పిండి అంటుకున్న కొందరు ఇల్లాళ్ళు.

గ్లాస్గో క్లైడ్ నది ఒడ్డున ఓడలు కట్టే ఊరు. 1914 ఆగస్టులో మొదటి ప్రపంచయుద్ధం రాగానే ఓడలూ కావలసివచ్చాయి, తుపాకిగుండ్లూ కావలసివచ్చాయి. పనికోసం వేలాదిమంది ఊళ్ళోకి వచ్చి పడ్డారు. ఇళ్ళు మాత్రం ఉన్నవే ఉన్నాయి. కొత్తవి కట్టే మాటే లేదు.

ఆ ఇళ్ళ సంగతి చదువుతూంటే మన పాతకాలపు వాటాల ఇళ్ళే కళ్ళకు కట్టాయి నాకు. మూడు నాలుగు అంతస్తుల రాతి మేడలు. ఒంటిగది వాటాలు కొన్ని, గదీ వంటిల్లూ ఉన్న వాటాలు కొన్ని. అందరికీ ఒకటే మెట్లదారి. మెట్ల మలుపులో నాలుగు కుటుంబాలకు కలిపి ఒక పాయిఖానా. వెనక పెరట్లో వంతులవారీగా బట్టలుతుక్కునే చోటు. వంతు తప్పితే పోట్లాటే! కాని ఎవరింట్లో పొయ్యి వెలగలేదో, ఎవరి కొడుకు దగ్గరనుంచి ఉత్తరం రాలేదో అందరికీ తెలుసు.

ఇంటి యజమాని అద్దెకున్నవాళ్ళకి కనబడడు. అతని తరపున 'ఫాక్టరు' అనే ఏజెంటు అద్దె వసూలు చేసుకుపోతాడు. 1915లో ఈ ఫాక్టర్లు అద్దెలు పెంచారు. ఇష్టం లేకపోతే ఖాళీ చెయ్యమన్నారు. వాళ్ళ లెక్క సులభమైనదే. మగవాళ్ళు చాలామంది యుద్ధంలో ఉన్నారు, మిగిలినవాళ్ళు తెల్లారకుండా ఫ్యాక్టరీకి పోతారు. ఇంట్లో ఆడది ఒక్కతే ఉంటుంది. గట్టిగా కసిరితే ఇచ్చేస్తుంది.

ఆ లెక్క తప్పించిన మనిషి పేరు మేరీ బార్బర్. 1875లో కిల్బర్కన్ అనే పల్లెలో తివాచీలు నేసే కుటుంబంలో పుట్టింది. చిన్నప్పుడే దారం పని, తరువాత తివాచీల అద్దకం పని చేసింది. పెళ్ళయ్యాక గ్లాస్గోలో ఓడల పనివాళ్ళుండే గోవన్ పేటలో కాపరం పెట్టింది. సహకార సంఘం వాళ్ళ మహిళా సమాజంలో సభ్యురాలు. అంతకు మించి హోదాలేమీ లేవు. ఊరి మొత్తానికి 1914లోనే స్త్రీల గృహసంఘం ఒకటి వెలిసింది. మేరీ లెయిర్డ్, హెలెన్ క్రాఫర్డ్, ఆగ్నెస్ డాలన్ లాంటివాళ్ళు అందులో పనిచేశారు. గోవన్‌లో ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ళను కూడగట్టింది మేరీ బార్బర్.

వాళ్ళ మీటింగులు వంటిళ్ళలోనూ, పెరళ్ళలోనూ, మెట్ల మీదా జరిగాయి. పెంచిన అద్దె ఇవ్వమన్నారు. ఇల్లు కూడా కదలమన్నారు. ఆ మాటే అచ్చు వేయించి కిటికీలకు అంటించారు. ఇక కాపలా. మెట్లదారి మొదట్లో ఒక ఇల్లాలు చేతిలో గంట పట్టుకుని కూర్చునేది. సామాను బయట వెయ్యడానికి కోర్టు అమీనా వస్తున్నాడని తెలియగానే గంట కొట్టేది. అంతే! పిండి కలుపుతున్నామె పిండి చేతులతో, బట్టలుతుకుతున్నామె తడిబట్టలతో పరుగెత్తుకొచ్చేవాళ్ళు. పిండిపొట్లాలు మీద పడుతూంటే ఆ అమీనా వచ్చినదారినే పోయేవాడు. నవ్వొచ్చే దృశ్యమే. కాని ఒక్కసారి ఆ గంట పట్టుకున్న ఇల్లాలి వైపు నుంచి ఆలోచించండి. ఆ గంట మోగకపోతే సాయంత్రానికి పిల్లలతో ఆమె రోడ్డు మీద ఉంటుంది.

హెలెన్ క్రాఫర్డ్ తన జ్ఞాపకాల్లో ఒక సంగతి రాసింది. "మిగతా అందరూ పెంచిన అద్దె కట్టేశారు, నువ్వే మిగిలావు" అని ఒక ఫాక్టరు ఒకావిడతో అబద్ధం చెప్పి డబ్బు పట్టుకుపోయాడు. మేరీ బార్బరుకి తెలిసింది. ఓడల యార్డునుంచి పనివాళ్ళను పిలుచుకొచ్చి ఫాక్టరు ఆఫీసు ముందు నిలబెట్టి, ఆవిణ్ణి వెంటబెట్టుకుని లోపలికి వెళ్ళి, డబ్బు తిరిగి ఇమ్మంది. మసిమొహాలతో వీధి నిండా నిలబడ్డ ఆ జనాన్ని కిటికీలోంచి చూసి ఫాక్టరు కిక్కురుమనకుండా ఇచ్చేశాడు. "అందరూ ఒప్పుకున్నారు, మీరొక్కరే పేచీ పెడుతున్నారు" అన్న మాట ఎక్కడో విన్నట్టు లేదూ?

1915 చివరికి అద్దె సమ్మెలో ఉన్న కుటుంబాలు 20 వేల దాకా అయ్యాయని చరిత్రకారుల అంచనా. ఇళ్ళ దగ్గర గెలవలేక ఫాక్టర్లు మరో ఎత్తు వేశారు. చిన్న బాకీల కోర్టులో దావా వేస్తే జీతంలోంచే డబ్బు జప్తు చేసుకోవచ్చు. అప్పుడు గంటలూ పిండిపొట్లాలూ ఏం చేస్తాయి? 1915 నవంబరు 17న 18 మంది పనివాళ్ళను కోర్టుకు పిలిపించారు. ఆ రోజు ఆడవాళ్ళు ముందు నడిచారు, యార్డుల్లో పనులు ఆపి మగవాళ్ళు వెనక నడిచారు. వేలాదిమంది కోర్టు చుట్టూ నిండిపోయారు. యుద్ధసామగ్రి తయారీ ఆగిపోతే ఇంకేమన్నా ఉందా? కబురు లండనులో మంత్రి లాయిడ్ జార్జి దాకా వెళ్ళింది. దావాలు వదులుకున్నారు.

నెల తిరిగిందో లేదో, 1915 డిసెంబరులో బ్రిటిష్ పార్లమెంటు చట్టం చేసింది. చిన్న ఇళ్ళ అద్దెలు యుద్ధం మొదలైననాటి మొత్తాన్ని దాటకూడదు. అద్దె కడుతున్నంతకాలం ఖాళీ చేయించకూడదు. ఇల్లు పాడుచేస్తేనో, ఇరుగుపొరుగుకి న్యూసెన్సు అయితేనో, యజమానికే ఆ ఇల్లు నిజంగా అవసరమైతేనో, కోర్టుకు నచ్చే మరో కారణం ఉంటేనో తప్ప. ఈ మాటలు కాస్త గుర్తుపెట్టుకోండి. ఇవే సముద్రం దాటి మన ఊళ్ళకు వస్తాయి.

వచ్చిన మొదటి ఊరు బొంబాయి. 1918లో అక్కడ అద్దె చట్టం వచ్చింది. యుద్ధకాలపు ఆంక్షలు అన్న మాట ఇంగ్లండు చట్టం పేరులో ఉన్నట్టే దీని పేరులోనూ ఉంది. 1920లో కలకత్తాకు వచ్చింది. రెండో ప్రపంచయుద్ధం మళ్ళీ అద్దెలకు రెక్కలు తొడిగింది. 1941లో మద్రాసు రాష్ట్రంలో అద్దె నియంత్రణ ఉత్తర్వులు వచ్చాయి, యుద్ధం అయ్యాక 1946లో చట్టమే వచ్చింది, 1949లో దాన్ని మళ్ళీ రాశారు. కోస్తా, రాయలసీమ జిల్లాలు అప్పుడు మద్రాసులోనే ఉన్నాయి గనక అవే మనకూ వర్తించాయి. హైదరాబాదుకు 1954లో వేరే చట్టం ఉండేది. ఆంధ్రప్రదేశ్ ఏర్పడ్డాక రెండు ప్రాంతాలకూ కలిపి చేసిందే 1960 నాటి అద్దె నియంత్రణ చట్టం.

అందులో ఏముంది? అద్దె ఎగ్గొట్టడం, యజమాని రాతపూర్వకంగా ఒప్పుకోకుండా ఇంకొకరికి అద్దెకివ్వడం, కాపురానికి తీసుకున్న ఇంటిని మరో పనికి వాడడం, ఇల్లు పాడుచెయ్యడం, ఇరుగుపొరుగును వేధించడం, యజమానికి సొంతానికి నిజంగా కావలసి రావడం. ముఖ్యంగా ఇలాంటి కారణాలుంటేనే రెంట్ కంట్రోలరు ఖాళీ చెయ్యమనగలడు. అద్దె బాకీ కూడా బుద్ధిపూర్వకంగా ఎగ్గొట్టింది కాదని తోస్తే, కట్టుకోవడానికి 15 రోజుల దాకా గడువివ్వవచ్చు. ఇల్లాళ్ళకు బాగా పనికొచ్చే మాట ఇంకొకటి ఉంది. ఖాళీ చేయించడానికని నీళ్ళూ, కరెంటూ ఆపెయ్యకూడదు. గ్లాస్గో మెట్లదారి వాసన కొడుతోంది కదూ!

ఆ చట్టంలోని ఒక చిన్న సెక్షను నేను మా అమ్మ దగ్గర నేర్చుకున్నాను. 1990 ప్రాంతంలో గుంటూరులో మేమున్న వాటా ఇంటాయనకు ఖాళీ కావాలి. కారణం చెప్పడు. ఒకనెల అద్దె ఇవ్వబోతే తీసుకోలేదు. "తరవాత చూద్దాంలెండి" అన్నాడు. పక్కవాటా లాయరు గుమాస్తాగారు నాన్నని పిలిచి, "మాస్టారూ, అది మర్యాద కాదు, ఎత్తు. రేపు బాకీ పడ్డారంటాడు" అన్నారు. యజమాని అద్దె తీసుకోకపోతే ఏ బ్యాంకులో వెయ్యాలో చెప్పమని ఉత్తరం రాయాలి, పది రోజుల్లో చెప్పకపోతే కమీషను మినహాయించుకుని మనియార్డరు చెయ్యాలి. చట్టంలోనే ఉంది ఆ దారి. నెలనెలా వెళ్ళి తిరిగొచ్చిన మనియార్డరు కాగితాలను అమ్మ పోపులపెట్టె పక్కన డబ్బాలో దాచింది. వ్యవహారం కోర్టుదాకా పోలేదు. ఆ డబ్బా సంగతి తెలిశాక ఇంటాయన మెత్తబడి, వేసవి సెలవుల దాకా ఉండమన్నాడు. మా పరీక్షలు అయ్యాకే సామాను కట్టాం. మా అమ్మ చేతిలో గంటలేదు గాని, ఆ డబ్బా అదే పని చేసింది.

ఏమాటకామాటే చెప్పుకోవాలి. ఇంటివాళ్ళ కష్టం కూడా కష్టమే. ఉన్న రెండు వాటాల్లో ఒకటి అద్దెకిచ్చి ఆ డబ్బుతో రోజులు గడుపుకునే పెద్ద ముత్తైదువలు, ఒంటరి ఆడవాళ్ళు మన వీధుల్లోనే ఉన్నారు. తాతల నాటి అద్దెకు పాతుకుపోయి కదలని అద్దెదారులూ ఉన్నారు. అద్దె పెరగని ఇంటికి సున్నమైనా వేయించరు. బొంబాయిలో అలా శిథిలమైన మేడల కథ తెలిసిందే. కొత్తగా కట్టేవాళ్ళు వెనక్కి తగ్గకూడదని 1957 ఆగస్టు 26 తరువాత కట్టిన ఇళ్ళను మన చట్టం మొదట్లో మినహాయించింది. పాతికేళ్ళు గడిచినా అవి కొత్త ఇళ్ళెలా అవుతాయని 1983లో సుప్రీంకోర్టు ఆ మినహాయింపును కొట్టేసింది. మళ్ళీ 2005లో అద్దె 3,500 రూపాయలు దాటిన కార్పొరేషను ఇళ్ళను, 2,000 దాటిన మిగతా చోట్ల ఇళ్ళను చట్టం బయటికి తీశారు. రాష్ట్రం రెండుగా విడిపోయాక ఎక్కడి చట్టం అక్కడిదైంది. మొత్తానికి పట్నాల్లో మధ్యతరగతి వాటాలు చాలావరకు ఆ గోడకి అవతలే ఉన్నాయి.

అలాగని మనం వీధిన పడ్డట్టేనా? కాదు. నెలనెలా అద్దెకుండే ఇంటికి, వేరే ఒప్పందం లేకపోతే, 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం 15 రోజుల నోటీసు ఇవ్వాలి. గడువు దాటినా మనం కదలకపోతే ఇంటాయన దావా వెయ్యాల్సిందే. మనుషుల్ని తెచ్చి సామాను బయట వేయించడానికి, మనం ఊరెళ్ళినప్పుడు తాళం మార్చడానికి వీల్లేదు. అలా చేస్తే, ఇల్లు ఎవరిదన్న గొడవతో నిమిత్తం లేకుండా, ఆరు నెలలలోపు దావా వేసి మళ్ళీ ఇంట్లోకి రావచ్చునని 1963 నాటి స్పెసిఫిక్ రిలీఫ్ చట్టం చెబుతోంది. కనుక నోటీసు వచ్చిన రోజున పెట్టెలు సర్దే ముందు కాగితాలు సర్దుకోవాలి. ఒప్పందపత్రం, అద్దె రసీదులు, బ్యాంకులో వేసిన దాఖలా. ఇంకొకటి, రిజిస్టర్డు నోటీసును తీసుకోకుండా తిప్పి పంపడం వల్ల లాభం లేదు. తీసుకోలేదని పోస్టుమాను రాస్తే కోర్టు దాన్ని అందినట్టే లెక్కగడుతుంది. తీసుకుని, చదివి, గడువులోగా మంచి లాయరుతో జవాబు రాయించాలి.

మేరీ బార్బర్ కథ అక్కడితో ఆగలేదు. 1920లో గ్లాస్గో నగరసభకు ఎన్నికైంది. పిల్లలకు పాలు, పేటల్లో స్నానాల గదులు, తల్లులకు వైద్యం — ఇవే ఆమె రాజకీయాలు. 1958లో చనిపోయింది. ఆ తరువాత చాలాకాలం ఊరు ఆమెను మరిచేపోయింది. 2018 మార్చి 8న గోవన్ కూడలిలో ఆమె విగ్రహం పెట్టారు. అందులో ఆమె ఒంటరిగా నిలబడి లేదు. ముందు తను నడుస్తూంటే వెనకాల సమ్మె చేసిన జనం వరసగా వస్తున్నారు. శిల్పి సంగతి బాగా గ్రహించాడు. నోటీసు ఒక్క ఇంటి పేరు మీదే వస్తుంది. దానికి జవాబు చెప్పడానికి మెట్లదారిలోని వాళ్ళంతా రావాలి.

ఈసారి మీ పక్కవాటా ఆవిడ మొహం వాడిపోయి కనబడితే, కాఫీకి పిలిచి సంగతేమిటో అడగండి.